మసక వేసిన ముఖం

ఏడు గంటల వార్తలకి ఇంకా ఇరవై నిమిషాలుంది. మాటలు వచ్చేశాయి, బొమ్మలు రాలేదు.

టీవీ ఆఫీసులో ఇంతకు మించిన ఆపద లేదు. ఎక్కడో భూకంపం వచ్చిందంటే ఎవరూ కంగారుపడరు. ఆ భూకంపం బొమ్మలు రాలేదంటే మాత్రం తమ ఇల్లే కూలినట్టు గోల పెడతారు. ఆ సోమవారం సాయంత్రం గోల పెడుతున్నది బులెటిన్ ఇన్‌ఛార్జ్. ఆయన వెనకాల అందరూ ఆయన్ని అర్జెంట్ సార్ అంటారు. మంచినీళ్ళు కావాలన్నా అర్జెంట్ అనే అడుగుతాడు మరి.

"ఏమ్మా, వ్యాన్ వార్త ఎక్కడిదాకా వచ్చింది? అర్జెంట్!" అన్నాడు, ఎడిటింగ్ గది తలుపులోంచి తల ఒక్కటే లోపల పెట్టి.

"రిపోర్టర్ పంపిన వీడియో సగంలో ఆగిపోయింది సార్. ఫోన్ చేస్తే కలవట్లేదు," అన్నది లోపల ఎడిటింగ్ చేస్తున్న ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"అయితే పాతవి ఏవో ఒకటి వెయ్యి. వ్యాను, పిల్లలు, బడి, ఏదైనా సరే. మొదటి వార్త అదే. ఉత్త తెర చూపించి చదివిస్తామా?" తల మాయమైంది.

వార్త నిజానికి చిన్నదే. రోజంతా ప్రయాణం చేస్తే గానీ చేరలేని ఏదో ఊళ్ళో ఇద్దరు పిల్లల్ని ఎవరో వ్యాన్‌లో ఎక్కించుకుపోయారు. పోలీసులు వెతుకుతున్నారు. ఇంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ నాలుగు ముక్కల్ని అర్జెంట్ సార్ "మీ పిల్లలు ఎక్కే వ్యాన్ ఎవరిది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి ఒకటిన్నర నిమిషానికి సాగదీశాడు. సాగదీయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

ఆమె కంప్యూటర్‌లో పాత దృశ్యాలన్నీ గాలించింది. రెండేళ్ళ కిందట తీసిన కథనం ఒకటి దొరికింది. పిల్లల్ని జాగ్రత్తగా బడికి చేర్చే డ్రైవర్లని మెచ్చుకుంటూ చేసిన కథనం అది. అందులో ఒక పెద్దాయన వ్యాన్ దగ్గర నిలబడి పిల్లల్ని లెక్కపెట్టి, తలుపు వేసి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, కెమెరా వైపు తిరిగి నోరారా నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. వ్యాన్ తాతయ్య. తన కూతురు పిట్టని రోజూ బడికి తీసుకెళ్ళే మనిషే.

ఇది వేయకూడదనుకుంది. గడియారం చూసింది. పదకొండు నిమిషాలు. ఇంకేదైనా దొరుకుతుందేమోనని మళ్ళీ వెతికింది. ఒకదాంట్లో బస్సులున్నాయి, ఒకదాంట్లో వాన. ఏడు నిమిషాలు.

పాపం పెద్దాయన, ఎవరూ గుర్తుపట్టకుండా చేస్తే సరి అనుకుంది. ఆయన ముఖం చుట్టూ గుండ్రంగా గీత గీసి మసక వేసింది. తల కదిలినప్పుడల్లా మసక కూడా దాంతోపాటే కదిలేలా ఒక్కొక్క ఫ్రేమూ జరుపుకుంటూ వచ్చింది. బొమ్మని కాస్త పెద్దది చేసి నంబరు ప్లేటు తెర కిందికి పోయేలా కత్తిరించింది. అంతా కలిపి ఆరు సెకన్లు. ఆరు సెకన్ల కోసం పరాయివాళ్ళెవరూ అంత శ్రద్ధ పెట్టరు. తనకి తెలిసిన మనిషి కాబట్టే పెట్టింది. వార్తలకి ఒకటిన్నర నిమిషం ఉందనగా ఫైలు పంపేసి కుర్చీలో వెనక్కి వాలింది.

గోడ మీది టీవీలో వార్త వస్తుంటే అప్పుడు తట్టింది. తెర మూల 'పాత దృశ్యాలు' అన్న రెండు ముక్కలు వేయలేదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నేర్పే పాఠం అది. నేర్పేది కూడా ఆమే. అంతలో అర్జెంట్ సార్ తల మళ్ళీ ప్రత్యక్షమైంది. "భలే కుదిరిందమ్మా! ఆ మసక ముఖం ఉంది చూశావూ, వార్తకే ప్రాణం పోసింది. ఇక ఆటల వార్త అర్జెంట్!"

ఆరు సెకన్లే కదా అని సర్దిచెప్పుకుని ఆమె ఆటల వార్త ముందేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. కింద మెట్ల దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. మధ్యలో అత్తగారు. కోడలు టీవీలో పనిచేస్తుందన్న హోదా వల్ల ఆ మూడంతస్తుల్లో ఏ వార్త వచ్చినా చివరి మాట ఆవిడదే. ఎన్నికలు మొదలుకొని మోకాళ్ళ నొప్పుల దాకా "మా కోడలి టీవీలో చెప్పారు" అన్నదంటే ఇక ఎవరూ నోరెత్తరు.

"వచ్చావా అమ్మాయ్! చూశావా మీ టీవీలో? మన వ్యానే!" అన్నది అత్తగారు, ఒగర్చుతూ.

"మన వ్యానేంటి అత్తయ్యా?"

"పసుపు వ్యానుకి ఆకుపచ్చ తలుపు. ఊరంతా గాలించినా అలాంటిది ఇంకోటి ఉంటుందా? నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదనుకో!"

ఆమెకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆకుపచ్చ తలుపు! ఎప్పుడో గుద్దుకుని సొట్టపడితే పెద్దాయన ఇంకేదో పాత వ్యాన్ తలుపు తెచ్చి బిగించుకున్నాడు. ఆ తలుపులోంచి చెయ్యి ఊపే కూతురికి ఏడాదిగా ప్రతిరోజూ తిరిగి చెయ్యి ఊపుతోంది. నంబరు దాచింది, ముఖం దాచింది. అంత పెద్ద తలుపు తన కంటికి ఆననే లేదు.

"అది ఏదో పాత వీడియో అయ్యుంటుంది అత్తయ్యా. ముఖం కూడా సరిగ్గా చూపించలేదు కదా," అన్నది నీళ్ళు నములుతూ.

"అదేగా నేననేది! తప్పు చేయనివాడైతే ముఖం మీద మసక ఎందుకు వేస్తారు? దొంగలకీ ఖూనీకోర్లకీ కాక ఇంకెవరికి వేస్తారలా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారు. ఆయన్ని కాపాడాలని ఫ్రేము ఫ్రేముకీ జరుపుతూ వేసిన మసక, ఆయన నేరానికి రుజువైపోయింది. అది వేసింది నేనే అని ఆ క్షణమే చెప్పేయాలి. నోటిదాకా వచ్చింది. కానీ భయం వేసింది. ఉద్యోగం పోతుందని కొంత, ఇంతమందిలో తలవంపులని కొంత. రేపు ఆఫీసులో సవరణ వేయిస్తే సరిపోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకుంటూ మెట్లెక్కింది.

మంగళవారం ఎనిమిది గంటలకి వ్యాన్ హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగు. మామూలుగా ఆ హారన్‌కి మూడు అంతస్తుల్లోంచీ పిల్లలు జలజలా దిగుతారు. ఆరోజు ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. కిటికీ తెరలు మాత్రం కదిలాయి. హారన్ మళ్ళీ మోగింది. కాసేపటికి పెద్దాయన మోకాళ్ళు పట్టుకుంటూ తనే మెట్లెక్కి వచ్చాడు.

తలుపు తీసింది ఆమే. వెనకాల అత్తగారు పిట్ట భుజం గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ఏమ్మా, ఎవరూ రావట్లేదు? బడికి సెలవా ఏమన్నా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

"పాపకి జ్వరం," అన్నది అత్తగారు వెనకనుంచి.

"నాకు జ్వరం లేదు!" అన్నది పిట్ట. పిట్ట అన్న పేరు ఊరికే రాలేదు దానికి. అత్తగారు దాని నోరు మూసింది.

పెద్దాయన నవ్వాడు. బడికి ఎగనామం పెట్టే పిల్లల్ని ఆయన ఎంతమందిని చూడలేదు! తర్వాత గొంతు తగ్గించి ఆమెతో, "అమ్మా, పొద్దున రేడియోలో విన్నాను. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఒకటి తిరుగుతోందట. జాగ్రత్తగా ఉండండి. నావరకు నేను పిల్లలు బడి గేటు దాటి లోపలికి పోయేదాకా అక్కణ్ణించి కదలను. ఆ విషయంలో నువ్వేం బెంగపెట్టుకోకు," అన్నాడు.

ఆయనింట్లో టీవీ లేదు. ఉన్న ఒక్క రేడియో వ్యాన్‌లోనే ఉంటుంది. అందులో విన్న మాటని వేదవాక్కులా పట్టుకుని, తెలిసినవాళ్ళ పిల్లల కోసం రెండంతస్తులు ఎక్కి వచ్చి చెబుతున్నాడు. చెప్పడానికి ఇంతకంటే మంచి అదను రాదు. ఎదురుగా ఉన్నది ఆయనొక్కడే, రెండు వాక్యాలు చాలు. ఆమె నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"అలాగే బాబాయ్ గారూ."

ఆయన మెట్లు దిగాడు. ఖాళీ వ్యాన్ ముందుకు కదిలి, సందు చివర మామూలుగా ఆగే ఇంటి ముందు ఆగింది. అక్కడా హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగు. ఆమె తలుపు వేసి చాలాసేపు దానికి ఆనుకునే నిలబడిపోయింది.

ఆఫీసులో అడుగుపెడుతూనే అర్జెంట్ సార్ బల్ల దగ్గరికి వెళ్ళింది. నిన్న 'పాత దృశ్యాలు' అని వేయడం మర్చిపోయాననీ, ఆ డ్రైవర్ ఎవరో జనం గుర్తుపట్టారనీ, ఈరోజు సవరణ చదివించాలనీ చెప్పింది.

"ఎవరు ఫిర్యాదు చేశారు?" అన్నాడాయన.

"ఎవరూ చేయలేదు సార్. నేనే చెబుతున్నాను."

"ఫిర్యాదే లేనప్పుడు పొరపాటు ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మనంతట మనమే తప్పు చేశామని చదివితే రేపట్నుంచి మన వార్త ఎవడు నమ్ముతాడు? రెండు రోజులు ఓపిక పట్టు. ఇంకో వార్త వస్తుంది, ఇది కొట్టుకుపోతుంది. నిన్న ఎన్ని ఫోన్లు వచ్చాయో తెలుసా? తల్లిదండ్రులంతా మనల్ని మెచ్చుకుంటున్నారు!"

ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి భర్త వరండాలో కూర్చుని చెప్పులు విప్పుతున్నాడు. చొక్కా చెమటకి తడిసి ఉంది. మామూలుగా ఆమె కంటే గంట ఆలస్యంగా వచ్చే మనిషి.

"ఎక్కడికెళ్ళారు?"

"వాడింటికి. ఆ డ్రైవర్ ఇంటికి. అన్ని ఇళ్ళ మగవాళ్ళూ వెళ్ళాం," అన్నాడు ఆమె ముఖం చూడకుండా. "అడుగుదామనే వెళ్ళాం. మాటా మాటా పెరిగింది. ఎవరో వ్యాన్ ముందు అద్దం పగలగొట్టారు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. ముసలాడు కింద పడ్డాడు. నేనేం చేయలేదు. పక్కన నిల్చున్నానంతే."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? ఏం జరిగింది బాబూ, ఏం జరిగింది అని అదే మాట. ఏమీ తెలియనట్టు."

ఎక్కడో ఒక దృశ్యం కత్తిరించి ఇంకో చోట అతికించడం ఆమె పదేళ్ళుగా చేస్తున్న పని. అతికించినది ఇంత దూరం వచ్చి, తెలిసిన మనుషుల చేతుల్లో రాళ్ళవుతుందని ఎన్నడూ అనుకోలేదు. అక్కడే, వరండాలోనే, భర్తకీ అత్తగారికీ అంతా చెప్పేసింది. రిపోర్టర్ వీడియో రాకపోవడం, పాతది వెతకడం, ముఖం మీద మసక వేయడం, రెండు ముక్కలు మర్చిపోవడం. ఒక్కటీ దాచలేదు. చెబుతుంటే కన్నీళ్ళు ఆగలేదు.

భర్త తల దించుకున్నాడు. అత్తగారు మాత్రం చెక్కుచెదరలేదు.

"నువ్వు వేసి ఉండొచ్చు అమ్మాయ్. కాదనను. కానీ పైన అంతంత పెద్దవాళ్ళు కూర్చుని ఉంటారు, చూడకుండానే వేస్తారా? నీకు తెలిసింది నీ గది వరకే."

"పైన ఎవరూ లేరు అత్తయ్యా! వేసింది నేను, చూసింది నేను. నేను మీ ఎదురుగా నిలబడి చెబుతున్నాను కదా!"

"సరే, నువ్వే వేశావు. ఇన్ని వ్యాన్లు ఉండగా నీ చెయ్యి దానిమీదికే ఎందుకు పోయింది? ఊరికే పోతుందా?"

ఆమె నిర్ఘాంతపోయి అత్తగారి ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు, మొండితనమూ లేదు. తన మనవరాలి కోసం నిజమైన భయం ఉంది. ఆ భయాన్ని తెచ్చి ఆ ముఖంలో పెట్టింది తనే. తీయబోతే రావడం లేదు. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకు తినే మనిషి కళ్ళనీళ్ళతో చెబుతున్న మాట కంటే, ఆరు సెకన్ల బొమ్మ గట్టిదైపోయింది. అది ఎదురుగా కనబడుతుంటే ఆమెకి ఎక్కడ లేని భయం పట్టుకుంది.

బుధవారం నాలుగు గంటలకి కొత్త ఫైలు ఆమె కంప్యూటర్‌లోకి వచ్చింది. మీద 'తల్లిదండ్రుల ఆవేదన, రెండు నిమిషాలు' అని రాసి ఉంది. ఊళ్ళోనే ఉండే రిపోర్టర్ తీసుకొచ్చిన ముడి వీడియో అది. అందులో పనికొచ్చే మాటలు ఏరి, కత్తిరించి, వరసగా పేర్చడం ఆమె పని. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టింది.

మొదటి బొమ్మలోనే తమ ఇంటి మెట్లు కనిపించాయి. మెట్ల మీద తల నున్నగా దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని అత్తగారు. పక్కన పిట్ట. ఆమె ఆఫీసుకి బయలుదేరిన గంటకే టీవీవాళ్ళు వెళ్ళినట్టున్నారు.

"భయపడకుండా చెప్పు పాపా. డ్రైవర్ తాత నిన్ను ఎత్తుకుంటాడా?" రిపోర్టర్ గొంతు.

"ఊఁ. ఎత్తి ఎక్కిస్తాడు."

"ఏమైనా పెడతాడా?"

"చాక్లెట్ ఇచ్చాడు. అందరికీ ఇచ్చాడు. నాకు రెండు."

"ఎప్పుడైనా వేరే దారిలో తీసుకెళ్ళాడా?"

"ఊఁ! ఒకసారి చాలా దూరం తీసుకెళ్ళాడు. చెరుకు తోటలు కూడా కనబడ్డాయి!" పిట్ట కళ్ళు పెద్దవి చేసింది. తన మాట ఇంతమంది పెద్దవాళ్ళు వినడం దానికి తెగ సంబరంగా ఉంది. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఒక్క అబద్ధం లేదు. వ్యాన్ మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లల్ని ఎత్తి ఎక్కిస్తాడు. తన మనవరాలి పుట్టినరోజున అందరికీ చాక్లెట్లు పంచాడు. పైపుల కోసం రోడ్డు తవ్వేసినప్పుడు వారం రోజులు ఊరి చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. అన్నీ ఆమెకి తెలిసినవే. అప్పట్లో ఇంట్లో కూర్చుని నవ్వుతూ చెప్పుకున్నవే.

వీడియో ఇంకా ఉంది. ఈసారి ఒక ఇరుకు గుమ్మం. నుదుటి మీద అంటించిన దూది పట్టీతో పెద్దాయన.

"పిల్లల్ని ఎత్తుకుంటావట, నిజమేనా?"

"ఎత్తుకుంటాను బాబూ."

"చాక్లెట్లు ఇచ్చావా?"

"ఇచ్చాను."

"వేరే దారిలో తీసుకెళ్ళావా?"

"తీసుకెళ్ళాను. ఎందుకంటే..." ఆ తర్వాత మాటలు వినబడలేదు. రిపోర్టర్ మైకు వెనక్కి తీసేసుకున్నాడు. పెద్దాయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

పదేళ్ళ అనుభవం ఉన్న ఎడిటర్‌కి ఎక్కడ కత్తిరించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు ప్రశ్నలు, మూడు అవునులు. ఆమె ఇయర్‌ఫోన్లు తీసేసింది. బాత్రూమ్‌కి పోయి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంది. తిరిగొచ్చి సరాసరి అర్జెంట్ సార్ ముందు నిలబడింది.

"ఈ వార్త కట్ చేయను సార్."

"ఏమైందమ్మా? చూశావా మరి, వాడే ఒప్పుకుంటున్నాడు! నువ్వేమో పొరపాటు పొరపాటు అంటివి. రెండు నిమిషాలు, అర్జెంట్!"

"అందులో ఏడేళ్ళ పిల్ల ఉంది. చిన్నపిల్లల్ని చూపించాలంటే తల్లో తండ్రో రాసి ఇవ్వాలి. ఆ పిల్ల తల్లి ఒప్పుకోలేదు."

"నాయనమ్మ పక్కనే ఉందిగా. తల్లి ఒప్పుకోలేదని నీకెవరు చెప్పారు?"

"తల్లిని నేనే."

ఆమె అక్కడితో ఆగలేదు. "ఆ మాట్లాడింది మా అత్తగారు. నిన్న ఆయన అద్దం పగిలిన చోట మా ఆయన కూడా ఉన్నాడు. రేపు ఆ పెద్దాయన ఎక్కడికైనా వెళ్ళి ఫిర్యాదు చేస్తే, ఆ బొమ్మ ఎప్పటిదో, ఎవరు వేశారో నేనే వెళ్ళి చెబుతాను. ఫిర్యాదు ఉంటే గానీ పొరపాటు లేదన్నారుగా సార్. నా ఫిర్యాదు రాసుకోండి."

అర్జెంట్ సార్ కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేసి గది మూలకి వెళ్ళి మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు మొదటిసారిగా ఆయన గొంతులో తొందర లేదు. "ఇరవై సెకన్లు. పొరపాటు ఎడిటింగ్ విభాగానిదని చదువుతారు. ఎడిటింగ్ విభాగం అంటే ఎవరో పైవాళ్ళకి చెప్పాలి కదా. రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు."

సవరణ ఆమే రాసింది. బొమ్మ కూడా ఆమే పేర్చింది. రెండేళ్ళ కిందటి పెద్దాయన పిల్లల్ని లెక్కపెట్టి, గొళ్ళెం లాగి చూసి, ఏ మసకా లేకుండా నవ్వాడు. మూల 'పాత దృశ్యాలు' అని ఈసారి పెద్ద అక్షరాలతో వేసింది. ఆ దృశ్యాలకీ నేరానికీ సంబంధం లేదనీ, పొరపాటుకి చింతిస్తున్నామనీ చదివేవాళ్ళు ఏడు గంటలకి చదివారు. ఆమె తన లంచ్ డబ్బా, ఇయర్‌ఫోన్లు సంచిలో వేసుకుని బయటపడింది.

ఇంటి మెట్ల దగ్గర మళ్ళీ గుంపు. మళ్ళీ మధ్యలో అత్తగారు.

"చూశావా అమ్మాయ్! ఆయనకేం సంబంధం లేదట, టీవీలో చెప్పేశారు!" ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా, బంగారంలాంటి మనిషి అలా చేస్తాడా అని!"

"నేను నిన్న చెప్పింది అదే కదా అత్తయ్యా," అన్నది ఆమె.

"నువ్వు చెప్పడం వేరు. టీవీలో చెప్పడం వేరు."

పక్కింటావిడ తప్పు ఒప్పుకున్న టీవీవాళ్ళ పెద్దమనసుని మెచ్చుకుంది. పై అంతస్తాయన పెద్దాయన వ్యాన్‌కి కొత్త అద్దం అందరం కలిసి వేయిద్దామన్నాడు. భర్త వచ్చి, రేపట్నుంచి పిల్లలంతా వస్తారని పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పేశాననీ, ఆయన ఊఁ అన్నాడనీ అన్నాడు. అందరి గుండెల మీంచీ బరువు దిగిపోయింది. రెండు రోజుల కిందట ఆరు సెకన్లలో నమ్మినవాళ్ళు, ఈరోజు ఇరవై సెకన్లలో మనసు మార్చుకున్నారు. మధ్యలో ఒక మనిషి కింద పడ్డాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మొదటి రోజు కంటే ఎక్కువగా ఆమె బెదిరిపోయింది ఇప్పుడే. ఉద్యోగం పోయిన సంగతి చెబుదామనుకున్నది కూడా చెప్పలేక మెట్లెక్కేసింది.

గురువారం ఎనిమిదికి పిల్లలంతా బ్యాగులతో కింద వరసగా నిలబడ్డారు. పెద్దవాళ్ళు కూడా దిగివచ్చారు. అందరి ముఖాల్లోనూ కాస్త సిగ్గు, కాస్త సంతోషం. హారన్ మాత్రం మోగలేదు. పెద్దాయన సందు మలుపులోంచి నడుచుకుంటూ వచ్చాడు. నుదుటి మీద పట్టీ అలాగే ఉంది. చేతిలో పెద్ద గుడ్డ సంచి.

"వ్యాన్ ఏది తాతయ్యా?" అన్నారు పిల్లలు.

ఆయన సంచి నేలమీద పెట్టి, అందులోంచి ఒక్కొక్కటే తీశాడు. నీళ్ళ సీసా, ఒంటి సాక్సు, గొడుగు, బొమ్మల పుస్తకం. ఇన్నాళ్ళలో పిల్లలు వ్యాన్‌లో మర్చిపోయినవి. ఏది ఎవరిదో ఆయనకి తెలుసు. ఒక్కొక్కటీ ఆ పిల్లల తల్లుల చేతికే ఇచ్చాడు, పిల్లల చేతికి ఇవ్వలేదు.

"నిన్నటిది చూశాం, ఏమీ అనుకోకండి. మనలో మనకి ఏముంది!" అన్నాడు పై అంతస్తాయన.

"ఏమీ లేదు బాబూ. ఇవి ఇచ్చిపోదామని వచ్చాను. వ్యాన్ వెనక సీట్లు తీసేశాను. సిమెంట్ కొట్టువాళ్ళు బస్తాలు తోలమన్నారు. బస్తాలైతే ఎలా పట్టుకున్నావని ఎవరూ అడగరు."

ఆమె ముందుకు వచ్చింది. అందరూ వింటుండగానే, "బాబాయ్ గారూ, ఆ బొమ్మ వేసింది నేనే. టీవీలో మీ ముఖం మీద మసక వేసింది కూడా నేనే. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావట్లేదు," అన్నది.

పెద్దాయన ఆమె వైపు చూశాడు. కోపం వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది. ఆయన ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కళ్ళు చికిలించాడు.

"మంగళవారం నేను పైకి వచ్చానే అమ్మా, ముఠా తిరుగుతోంది జాగ్రత్త అన్నానే. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు," అన్నది ఆమె.

ఆయన మెల్లగా తలూపాడు. ఇంకేమీ అడగలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఇవేవీ పట్టని పిట్ట వరసలోంచి ఒక్క పరుగున వచ్చి, రోజూ చేసినట్టే ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపింది. పెద్దాయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుని, చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు.

"నేను ముట్టుకోలేదు," అన్నాడు.